చేతులు కట్టేసిన హీరోలు: 2010–2019 తెలుగు సినిమాల్లో నాకు నచ్చినవి, వాటి వెనకున్న లెక్క

2010 నుంచి 2019 దాకా వచ్చిన తెలుగు సినిమాల్లో బాగా నచ్చినవి ఏవని ఎవరైనా అడిగితే చాలు, జవాబు పూర్తయ్యేలోపే వాదన మొదలవుతుంది. ఒకరు కలెక్షన్లు చూపిస్తారు. ఒకరు అవార్డులు చదువుతారు. ఇంకొకరు, ఆ సినిమా రాకపోయి ఉంటే ఇండస్ట్రీ ఈ రోజు ఇలా ఉండేదే కాదంటారు. ముగ్గురి మాటా నిజమే. చిక్కెక్కడంటే, ముగ్గురూ మూడు వేరే వేరే ప్రశ్నలకి జవాబు చెబుతున్నారు. బాగా ఆడిన సినిమా, బాగా తీసిన సినిమా, చరిత్రని మలుపు తిప్పిన సినిమా, మనకి ప్రాణమైన సినిమా. ఈ నాలుగూ ఒక్కోసారి ఒకే సినిమాలో కలుస్తాయి, చాలాసార్లు కలవవు. వీటిని విడదీసుకోకుండా జాబితా వేస్తే చివరికి ఎవరి హీరో పెద్దవాడన్న దగ్గరికే వచ్చి ఆగుతుంది. అందుకే నా జాబితా చెప్పే ముందు ఈ ముళ్లు ఒక్కొక్కటిగా విప్పుతాను.

ముందు డబ్బు. పోస్టర్ మీద పెద్ద అక్షరాలతో కనిపించే అంకె మామూలుగా గ్రాస్, అంటే టికెట్ల మీద వసూలైన మొత్తం. అందులోంచి పన్ను పోవాలి, థియేటర్ అద్దె పోవాలి. మిగిలిందాన్ని షేర్ అంటారు, ఆ ఏరియాలో సినిమా ఆడించే హక్కు కొన్న బయ్యర్ చేతికి వచ్చేది అదే. ఆ బయ్యర్ నైజాం (తెలంగాణ) హక్కులో సీడెడ్ (రాయలసీమ) హక్కులో రిలీజ్‌కి ముందే ఒక రేటుకి కొనుక్కుని కూర్చుంటాడు. ఉదాహరణకి 20 కోట్లు పెట్టి కొన్న ఏరియాలో 15 కోట్ల షేర్ వచ్చిందనుకోండి, ఆ సినిమా అక్కడ ఫ్లాప్. 2 కోట్లకి కొన్నచోట 5 కోట్లు వస్తే బ్లాక్‌బస్టర్. నిజానికి జనం ఎక్కువగా చూసింది మొదటి సినిమానే. హిట్టు, ఫ్లాపు అన్న ముద్రలు చాలావరకు ఆ సినిమా ఎంతకి అమ్ముడుపోయిందన్న దాని మీద పడేవే. 2014 సంక్రాంతికి వచ్చిన ‘1: నేనొక్కడినే’ మీద అప్పట్లో ఫ్లాప్ ముద్ర పడింది. కొన్నవాళ్ల నష్టం నిజమే, దాన్ని ఎవరూ కాదనరు. కానీ ఇన్నేళ్ల తర్వాత దాన్ని ఇంట్లో చూసే ప్రేక్షకుడికి ఆ నష్టంతో ఏ సంబంధమూ లేదు.

అవార్డుల సంగతి ఇంకోలా ఉంటుంది. జాతీయ అవార్డుల్లో ఏటా ఉత్తమ తెలుగు చిత్రం ఒక్కటే. అలాంటప్పుడు 2018 లాంటి సంవత్సరం వస్తే ఏం చేస్తారు? మార్చి 30న ‘రంగస్థలం’ వచ్చింది, మే 9న ‘మహానటి’ వచ్చింది, సెప్టెంబర్ 7న ‘కేరాఫ్ కంచరపాలెం’ వచ్చింది. ఉత్తమ తెలుగు చిత్రం అవార్డు ‘మహానటి’కి దక్కింది, దక్కాల్సిందే. దానివల్ల మిగతా రెండూ ఒక మెట్టు కిందున్నట్టు కాదు. వేరే ఏడాది వచ్చి ఉంటే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? అవార్డు ఆ ఏటి పోటీని బట్టి వస్తుంది. ఇష్టానికి అలాంటి క్యాలెండర్ లేదు.

ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి, మళ్లీ మళ్లీ చూసినా తనివి తీరనివి మాత్రమే వరసగా రాసుకున్నాను. ‘వేదం’, ‘ప్రస్థానం’ (2010), ‘ఈగ’ (2012), ‘1: నేనొక్కడినే’, ‘మనం’ (2014), ‘పెళ్లి చూపులు’ (2016), ఇందాక చెప్పిన 2018 సినిమాలు మూడూ, ‘జెర్సీ’ (2019). పైకి చూస్తే వీటికి ఒకదానితో ఒకటి పొంతనే లేదు. కొన్నిట్లో పెద్ద స్టార్లున్నారు, ఒకదాంట్లో అసలు ఎప్పుడూ కెమెరా ముందుకి రాని మనుషులున్నారు. ఒకటి గ్రాఫిక్స్ సినిమా, ఒకటి గదిలో ఇద్దరు మాట్లాడుకునే సినిమా. కానీ ఎందుకు నచ్చాయని తరచి చూస్తే, ఒకటి రెండు మినహా అన్నిట్లోనూ జరిగింది ఒకటే. కథ మొదలయ్యేటప్పటికే హీరో చేతిలో ఉండాల్సిన ఆయుధాల్లో ఒకదాన్ని దర్శకుడు లాగేసుకున్నాడు.

ఇది ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే మన కమర్షియల్ సినిమా ఎలా నడుస్తుందో గుర్తు చేసుకోవాలి. మన హీరోకి అన్నీ ఉంటాయి. నోరు విప్పితే పంచ్ డైలాగ్, చెయ్యెత్తితే ఫైటు, కాలు కదిపితే స్టెప్పు. తరగని వయసు, ఊరంతా ఇచ్చే గౌరవం. అందులో తప్పేమీ లేదు, ఆ పండగ వాతావరణం నాకూ ఇష్టమే. అయితే అన్నీ ఉన్న హీరోతో ఒక ఇబ్బంది ఉంది. ఏ సమస్య వచ్చినా రచయిత దగ్గర రెడీగా ఒక సీను ఉంటుంది. విలన్ ఎదురుపడితే డైలాగ్ చెప్పించొచ్చు, హీరోయిన్ అలిగితే పాట పెట్టొచ్చు, కథ సాగకపోతే ఫైటు పెట్టొచ్చు. వాటిలో ఒక్కటి తీసేసి చూడండి. రెడీమేడ్ సీన్లలో సగం పనికిరాకుండా పోతాయి. అక్కడ రచయిత కూర్చుని ఆలోచించక తప్పదు. ఆ ఆలోచించిన చోటే మనకి గుర్తుండిపోయే సీన్లు పుట్టాయన్నది నా నమ్మకం.

‘ఈగ’ దీనికి అందరికన్నా ముందు చెప్పాల్సిన ఉదాహరణ. నాని పాత్ర సినిమా మొదలైన కాసేపటికే చనిపోతుంది. తర్వాత హీరో ఒక ఈగ. రాజమౌళి అతని దగ్గర్నుంచి మాట ఒక్కటే కాదు, ముఖం కూడా తీసేసుకున్నారు. ఈగ కళ్లలో నీళ్లు రావు, పెదవి బిగుసుకోదు, క్లోజప్ పెట్టినా ఉపయోగం లేదు. కోపమైనా ప్రేమైనా చూపించడానికి మిగిలింది దాని కదలిక, రెక్కల చప్పుడు, ముందు కాళ్లు రెండూ రుద్దుకోవడం. అంతే.

ఇప్పుడు ఒక సీను తీసుకుందాం. తను నానినే అని ఈగ తను ప్రేమించిన బిందుకి చెప్పాలి. మామూలు సినిమాలో ఇది అరనిమిషం డైలాగ్. ఇక్కడ మాట లేదు కాబట్టి ఏడుస్తున్న ఆమె కన్నీటి చుక్క బల్ల మీద పడితే, ఆ తడితోనే ఈగ అక్షరాలు రాస్తుంది. ఆమె దుఃఖమే అతని సిరా అయింది. ఎంత గొప్ప మాటల రచయితనైనా తెచ్చి రాయించండి, ఆ సందర్భంలో ఇంతకన్నా బలమైన డైలాగ్ దొరకదు. మాట లేకపోవడం వల్లే ఆ సీను పుట్టింది. అలాగే విలన్‌కి ఇచ్చే వార్నింగ్. ప్రమాదం జరిగిన కారు అద్దం మీద ఈగ రాసిన ఆ నాలుగు ముక్కలకి థియేటర్లో పడ్డ విజిళ్లు ఏ స్టార్ హీరో డైలాగ్‌కీ తక్కువ కాదు. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. హీరోకి ముఖం లేకపోయేసరికి నటన భారమంతా విలన్ మీద పడింది. ఎదురుగా ఏమీ లేని గాలిని చూసి భయపడి, చిరాకుపడి, నిద్రలేక పిచ్చెక్కిపోయే మనిషిగా సుదీప్ చేసిన పని చూడండి. ఈగ అక్కడ ఉందని మనం నమ్మడానికి గ్రాఫిక్స్ ఎంత కారణమో సుదీప్ కళ్లు అంతే కారణం. ఉత్తమ తెలుగు చిత్రంగానూ, స్పెషల్ ఎఫెక్ట్స్‌కీ జాతీయ అవార్డులు వచ్చాయి. ఆ నటుడికి కూడా ఏదో ఒకటి రావాల్సిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

‘రంగస్థలం’లో సుకుమార్ తీసేసుకుంది వినికిడి. 1980ల నాటి గోదావరి పల్లెటూళ్లో మోటారుతో పొలాలకి నీళ్లు పెట్టే చిట్టిబాబుని ఊళ్లో సౌండ్ ఇంజనీర్ అంటారు, ఎందుకంటే అతనికి సరిగ్గా వినిపించదు. మొదట్లో ఇది నవ్వుకోవడానికి పెట్టినట్టే ఉంటుంది. ఒకరు ఒకటి అంటే అతను ఇంకొకటి అనుకోవడం, పక్కనుండే కుర్రాడు మహేష్ గట్టిగా అరిచి చెప్పడం, ఆ కామెడీ అంతా మనం హాయిగా నవ్వుతూ చూస్తాం. అలా నవ్వించిన లోపాన్నే సుకుమార్ తర్వాత కత్తిలా తిప్పి గుచ్చుతాడు. చావు బతుకుల మధ్య ఉన్న అన్న కుమార్‌బాబు ఏదో చెప్పాలని ప్రయత్నిస్తుంటాడు. తమ్ముడి చెవికి అది చేరదు. అప్పటిదాకా నవ్విన ప్రేక్షకుడికి గొంతులో ఏదో అడ్డుపడినట్టు అవుతుంది. రామ్ చరణ్ కెరీర్‌లో అంతవరకు కనిపించని నటన ఆ సినిమాలో కనిపించిందంటే, తనకి అలవాటైన ఆయుధాలు చేతిలో లేకపోవడమే కారణమని నేననుకుంటాను. సగం మాటలు వినిపించని మనిషి ఎదుటివాడి ముఖాన్ని ఎంత శ్రద్ధగా చూస్తాడో ఆయన ఆ సినిమా అంతా అలా చూశారు. అన్నట్టు, హీరోకి చెవులు వినపడని ఈ సినిమాకి వచ్చిన జాతీయ అవార్డు శబ్దానికే. రీ-రికార్డింగ్ మిక్సింగ్‌కి ఎం.ఆర్. రాజకృష్ణన్ అందుకున్నారు. మనకి వినిపించేది, అతనికి వినిపించేది అని రెండు రకాల శబ్దం డిజైన్ చేసుకోవాల్సి రావడం వెనక ఎంత పని ఉంటుందో ఊహించుకోవచ్చు.

అదే సుకుమార్ నాలుగేళ్ల ముందు ‘1: నేనొక్కడినే’లో ఇంకా పెద్ద సాహసం చేశాడు. అక్కడ హీరో దగ్గర్నుంచి లాగేసుకుంది అతని మనసు మీద అతనికే ఉండాల్సిన నమ్మకం. గౌతమ్ (మహేష్ బాబు) ఒకణ్ని వెంటాడి చంపేశానని పోలీసులకి లొంగిపోతాడు. తీరా చూస్తే అక్కడ ఎవరూ చావలేదు, అసలు ఎవరూ లేరు. మహేష్ బాబు ఫైటు చేస్తుంటే ఆ ఫైటు నిజంగా జరుగుతోందో లేదో ప్రేక్షకుడికి తెలియదు. స్టార్ సినిమాకి ఇది ఎంత ప్రమాదమో ఆలోచించండి. అభిమాని థియేటర్‌కి వచ్చేదే హీరోని కళ్లు మూసుకుని నమ్మడానికి. ఇక్కడ దర్శకుడు ఆ నమ్మకాన్నే కాజేశాడు. సంక్రాంతి రద్దీలో మొదటి రోజు కూర్చున్న జనం గందరగోళపడ్డారంటే వాళ్లని ఏమాత్రం తప్పు పట్టలేం. సినిమా నిడివి కూడా ఎక్కువే, ఛేజింగుల్లో కత్తెర వేయదగ్గవి ఉన్నాయి. కానీ తల్లిదండ్రుల ముఖాలు కూడా గుర్తులేని మనిషి చివరికి వాళ్ల ఫోటో చూసే ఆ ఒక్క సీను కోసం నేను ఆ నిడివంతా ఓర్చుకుంటాను.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. హీరోకి ఏదో ఒక లోపం తగిలిస్తే సినిమా గొప్పదైపోతుందా? కాదు. అదే దశాబ్దంలో చూపు లేని హీరో వచ్చాడు, మతిమరుపు హీరో వచ్చాడు. వీటిని పరీక్షించడానికి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఆ లోపం తీసేసి కథ చెప్పి చూస్తాను. కథ అలాగే నిలబడితే ఆ లోపం అలంకారం, కుప్పకూలితే అది వెన్నెముక. 2017లో వచ్చిన ‘రాజా ది గ్రేట్’లో రవితేజ అంధుడిగా చేశారు, సరదాగానే గడిచిపోతుంది. కానీ ఫైట్ల దగ్గరికొచ్చేసరికి అతనికి చూపుంటే ఏం చేసేవాడో దాదాపు అదే చేస్తాడు. 2015 నాటి ‘భలే భలే మగాడివోయ్’ తేలికైన కామెడీ అయినా ఈ పరీక్షలో సునాయాసంగా గట్టెక్కుతుంది, ఎందుకంటే నాని మతిమరుపు తీసేస్తే ఆ సినిమాలో ఒక్క సీను మిగలదు. నా పదిలో లేకపోయినా దాని మీద నాకు గౌరవం ఉంది.

లోపం అంటే ఒంట్లోదే కానక్కర్లేదు. క్రిష్ ‘వేదం’లో హీరో దగ్గర్నుంచి మంచితనాన్ని తీసేసుకున్నాడు. కేబుల్ రాజుకి న్యూ ఇయర్ పార్టీ పాసులు కావాలి, డబ్బున్న అమ్మాయి ముందు పరువు నిలబడాలి. అందుకోసం ఆసుపత్రిలో సిరిసిల్ల నుంచి వచ్చిన ఒక పేద చేనేత ముసలాయన దగ్గర డబ్బు దొంగిలిస్తాడు. అది ఆ కుటుంబం కిడ్నీ అమ్ముకుంటే వచ్చిన సొమ్ము. అప్పటికే మంచి ఫాలోయింగ్ ఉన్న అల్లు అర్జున్ ఆ పని చేస్తాడు, తెర మీద, మన కళ్ల ముందు. తర్వాత తట్టుకోలేక తిరిగి ఇచ్చేస్తాడు. ఆ తిరిగి ఇవ్వడంలో హీరోయిజం లేదు, సిగ్గు ఉంది. ఆ ముసలాయనగా చేసిన నాగయ్య గారి కళ్లు ఆ సీనులో ఉన్నంతసేపు వేరే ఎవరినీ చూడబుద్ధి కాదు. అదే ఏడాది ‘ప్రస్థానం’లో దేవ కట్టా ఇంకొంచెం ముందుకెళ్లాడు. రాజకీయ నాయకుడు లోకనాథం నాయుడు మంచివాడా చెడ్డవాడా అన్నది చివరిదాకా తేలదు, ఆఖర్లో ఆయన చెప్పే సుదీర్ఘమైన మాటలు విన్నాక అసలు ఆ ప్రశ్నే తప్పేమో అనిపిస్తుంది. ఏళ్ల తరబడి సుమన్‌కీ రాజశేఖర్‌కీ గొంతు అరువిచ్చిన సాయికుమార్ ఆ పాత్రలో తన గొంతుకి తన ముఖాన్నే జత చేసుకున్నారు. కమర్షియల్‌గా ఆడని ఈ సినిమాని ఆ తర్వాత జనమే ఒకరికొకరు చెప్పుకుని బతికించుకున్నారు.

‘మహానటి’లో ఈ సూత్రం కొంచెం దాక్కుని ఉంటుంది. అందరూ కీర్తి సురేష్ నటన గురించే మాట్లాడతారు, ఉత్తమ నటిగా జాతీయ అవార్డు రావడం న్యాయమే. నాకు మాత్రం నాగ్ అశ్విన్ తెలివి మధురవాణిలో కనిపిస్తుంది. సావిత్రి 19 నెలలు కోమాలో ఉండి 1981 డిసెంబర్ 26న కన్నుమూశారు. కథ మొదలయ్యేటప్పటికే కథానాయికకి మాట లేదు. ఆమె కథ చెప్పాల్సిన జర్నలిస్టు మధురవాణికి నత్తి. మాట పోయిన మనిషి గురించి మాట రాని మనిషి చెప్పడం అన్నది ఆ సినిమా ఎముకలగూడు. మధురవాణిగా సమంత అక్షరాల కోసం తడుముకునే ప్రతిసారీ, మనం సావిత్రి గురించి తెలుసుకోవాలని ఇంకాస్త ముందుకి వంగుతాం. బయోపిక్ అనగానే పుట్టినప్పటి నుంచి పోయేదాకా వరసగా చెప్పుకుపోయే పద్ధతి నుంచి ఆ సినిమాని కాపాడింది ఆ నత్తే.

ఇక వయసు. ‘కేరాఫ్ కంచరపాలెం’లో రాజుకి 49 ఏళ్లు, ఆఫీసులో అటెండర్, పెళ్లి కాలేదు. అతని పెళ్లి ఊరందరికీ పట్టింపే. విశాఖపట్నంలోని ఆ పేటలోనే, ఎక్కువమంది అక్కడి మనుషులతోనే వెంకటేష్ మహా ఈ సినిమా తీశాడు. ఆఖరి మలుపు చూడనివాళ్ల కోసం దాచిపెడతాను. ఒక్కటి మాత్రం చెప్పొచ్చు. రాజు, రాధ మాట్లాడుకుంటుంటే ఇద్దరూ నటించడానికి ప్రయత్నిస్తున్నట్టు ఎక్కడా ఉండదు. రాధ లాంటి 40 దాటిన వితంతువు ప్రేమలో పడితే తెలుగు తెర మీద ఎలా చూపించాలన్న దానికి పాత నమూనాలేవీ లేవు కాబట్టి వాళ్లు నిజంగా ఎలా ఉంటారో అలా చూపించక తప్పలేదు. ‘జెర్సీ’లో అర్జున్‌కి 36. క్రికెట్‌లో ఆ వయసుకి రిటైరవుతారు, అతను మొదలుపెడతాడు. రంజీ జట్టుకి ఎంపికైన రోజు అతను చేసే పని ఈ దశాబ్దం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సీను. అంత సంతోషాన్ని నలుగురి మధ్య బయటపెట్టలేక రైల్వే స్టేషన్‌కి వెళ్తాడు. రైలు వచ్చేదాకా ఆగుతాడు. ఆ చప్పుడులో ఎవరికీ వినపడదని ధైర్యం వచ్చాక గొంతు చించుకుని అరుస్తాడు. డైలాగ్ లేదు. పదేళ్లుగా లోపల అణచిపెట్టుకున్నదంతా ఆ ఒక్క అరుపులో ఉంది, అదీ రైలు మోతలో కలిసిపోతుంది. పాతికేళ్ల కుర్రాడు సెలెక్ట్ అయితే రోడ్డు మీదే గంతులేస్తాడు, ఆ సీను ఎవరికీ గుర్తుండదు.

ఇవన్నీ ఈ పదేళ్లలోనే ఎందుకు కుదిరాయి? ఇంతకుముందు దర్శకులకి తెలివి లేదని కాదు. డబ్బు దారులు మారాయి. రీలు ఉన్న రోజుల్లో ప్రతి థియేటర్‌కీ ఒక ప్రింట్ తీయించాలి, చిన్న నిర్మాతకి ఆ ఖర్చే నడ్డి విరిచేది. డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చాక ఆ భారం బాగా తగ్గింది. డిజిటల్ కెమెరాతో రీలు ఖర్చవుతుందన్న భయం లేకుండా కొత్త నటులతో ఎన్ని టేకులైనా తీసుకోవచ్చు. యూట్యూబ్‌లో షార్ట్ ఫిల్ములు తీసి చేయి తిరిగినవాళ్లు సినిమాకి వచ్చారు, ‘పెళ్లి చూపులు’ దర్శకుడు తరుణ్ భాస్కర్ అలా వచ్చినవాడే. మల్టీప్లెక్సులు, అమెరికా ప్రీమియర్లు కలిసి పేరున్న హీరో లేని సినిమాకి కూడా ఒక మార్కెట్ తయారుచేశాయి. 2016లో నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ ప్రైమ్ వీడియో ఇక్కడికి రావడంతో థియేటర్లో మిస్సయిన సినిమాకి రెండో జన్మ దొరికింది. ‘పెళ్లి చూపులు’ ఈ మార్పులన్నీ కలిసొచ్చిన సినిమా. అడ్రస్ తప్పి వేరే ఇంటికి పెళ్లి చూపులకెళ్లిన అబ్బాయి, ఆ ఇంటి అమ్మాయి ఒక గదిలో ఇరుక్కుపోతారు. తలుపు రాదు, చేసేదేమీ లేదు కాబట్టి మాట్లాడుకుంటారు. సింక్ సౌండ్‌లో, అంటే షూటింగ్‌లోనే మాటలు రికార్డు చేస్తూ తీయడం వల్ల ఆ మాటల్లో తడబాట్లు, ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడటం, మధ్యలో ఇబ్బందిగా ఆగిపోవడం అన్నీ ఉన్నవి ఉన్నట్టే వచ్చాయి. డబ్బింగ్ థియేటర్లో కూర్చుని అవి తెప్పించడం దాదాపు అసాధ్యం. సంభాషణలకి జాతీయ అవార్డు కూడా దానికే వచ్చింది.

మాటల ప్రస్తావన వచ్చింది కాబట్టి యాస గురించి ఒక్క ముక్క. అంతకుముందు తెలంగాణ, ఉత్తరాంధ్ర యాసలు ఎక్కువగా కమెడియన్‌కో విలన్ పక్కనుండేవాడికో దక్కేవి. ఈ దశాబ్దంలో ‘ఫిదా’లో బాన్సువాడ అమ్మాయి భానుమతి తన యాసలోనే ప్రేమించింది, పోట్లాడింది, గెలిచింది. ‘మల్లేశం’లో దారం చుట్టే ఆసు యంత్రం కనిపెట్టిన చేనేత బిడ్డ చింతకింది మల్లేశం తన ఊరి మాటే మాట్లాడాడు. ఈ రెండూ నా పదిలో కొద్దిలో తప్పిపోయాయి.

నేను చెప్పే సూత్రానికి లొంగని సినిమా ఒకటుంది, అది ‘మనం’. అక్కడ ఎవరి దగ్గర్నుంచీ ఏదీ లాక్కోలేదు, పైగా పునర్జన్మలు ఇచ్చారు. అయినా అది లేకుండా నా జాబితా లేదు. తొంభయ్యో పడి అంచున ఉన్న అక్కినేని నాగేశ్వరరావు, చిన్నప్పుడు పోగొట్టుకున్న తండ్రిని నాగార్జునలో చూసుకుంటారు. కన్నకొడుకుని నాన్నా అని పిలవడం. విక్రమ్ కుమార్ రాసిన ఈ తిరకాసు కాగితం మీదే బాగుంటుంది. కానీ 2014 మే 23న సినిమా వచ్చేనాటికి అక్కినేని లేరు, జనవరి 22నే వెళ్లిపోయారు. తెర మీద ఆయన నవ్వుతుంటే థియేటర్లో ఏడ్చినవాళ్లు సినిమా చూసి ఏడ్చారా, మనిషిని తలుచుకుని ఏడ్చారా? రెంటినీ విడదీయాలని నేను చాలా ప్రయత్నించాను, కుదరలేదు. ఇష్టమైన సినిమాల్లో కొన్ని ఇలాగే ఉంటాయి, సినిమా బయట జరిగింది కూడా సినిమాలో భాగమైపోతుంది.

‘బాహుబలి’ ఏదని అడుగుతారని తెలుసు. జాతీయ స్థాయిలో ఉత్తమ చిత్రంగా ఎంపికైన మొదటి తెలుగు సినిమా అది. మన సినిమాకి ఎల్లలు చెరిపేసింది, దాని తర్వాత బడ్జెట్ల లెక్కే మారింది. చరిత్ర రాస్తే మొదటి పేజీ దానిదే. వీపున బాణంతో, నీళ్లలో మునిగిపోతూ కూడా పసిబిడ్డని పైకెత్తి పట్టుకున్న శివగామి చెయ్యి చూసి ఒళ్లు గగుర్పొడవనివారు ఉండరు. అయితే బాహుబలికి లేనిదంటూ ఏదీ లేదు. రాజమౌళి తీసినవాటిలో ఒక్కటే ఎంచుకోమంటే, ఏమీ లేని ఈగ వైపే నా మనసు లాగుతుంది.

‘అర్జున్ రెడ్డి’ని వదిలేయడం ఇంకా కష్టమైన నిర్ణయం. 2017లో ఆ సినిమా ఇచ్చిన కుదుపు చిన్నది కాదు. విజయ్ దేవరకొండ నటన, నేపథ్య సంగీతం, డాక్టర్‌గా తాగి ఆపరేషన్ చేశానని విచారణలో తనంతట తాను ఒప్పేసుకునే సీను, అన్నీ మొదటి రకం. నాకు గుచ్చుకునేది హీరోయిన్ ప్రీతి మౌనం. సినిమాలో చాలాసేపు ఆమెకి మాటే లేదు. ఈగకీ మాట లేదు, కానీ ఆ సినిమా ఈగ మౌనాన్ని గుర్తించి, దాని చుట్టూ వంద ఉపాయాలు అల్లింది. సందీప్ రెడ్డి వంగా ప్రీతి మౌనాన్ని మౌనంగానే వదిలేశాడు. ఆమె లోపల ఏముందో చెప్పడానికి ఒక్క కన్నీటి చుక్కతో కూడా రాయించలేదు. హీరో కోపానికి అంత శ్రద్ధ పెట్టిన చేయి ఆమె వైపు రాకపోవడం చూస్తే బాధేస్తుంది.

ఇక వరస. పదింటినీ అంకెలేసి పేర్చడం నాకు ఇష్టం లేదు, పైన మూడు మాత్రం చెబుతాను. మూడోది ‘జెర్సీ’, ఆ రైల్వే స్టేషన్ కోసం. రెండోది ‘కేరాఫ్ కంచరపాలెం’, స్టార్లు, సెట్లు, పాత కొలతలు ఏవీ లేకుండా తెలుగు సినిమా ఎంత నిండుగా ఉండగలదో చూపించినందుకు. మొదటిది ‘రంగస్థలం’. ‘ఈగ’లోని ఆలోచన ఇంకా కొత్తదని ఎవరైనా వాదిస్తే ఒప్పుకుంటాను. కానీ ‘రంగస్థలం’ చేసిన పని కష్టమైనది. పాటలు, జాతర, ఎన్నికలు, ప్రెసిడెంటు లాంటి భయపెట్టే విలన్, పెద్ద స్టార్, అన్నీ ఉన్న నూటికి నూరు శాతం మాస్ సినిమాలో, ఆ మాస్ లెక్కలు ఏవీ చెడకుండా, హీరో చెవులు రెండూ తీసేసుకుని గెలిచింది.